వదిన ఇచ్చిన పూచీ

జైలు నుంచి ఎవరినైనా గడువుకు ముందే వదలాలంటే ముందు ఒక చిరునామా కావాలి. మనిషి మారాడా లేదా అన్నది తర్వాతి సంగతి. బయటికొచ్చి ఏ ఇంట్లో ఉంటాడు, ఆ ఇంటివాళ్ళు గడప తొక్కనిస్తారా, ఇరుగుపొరుగు ఏమంటారు, ఇవన్నీ తేల్చాలి. తేల్చాల్సింది ప్రొబేషన్ ఆఫీసరు.

ఆ పట్టణంలో ఆ పని చేసే ఆవిడకు యాభై రెండేళ్ళు. వీధుల్లో అందరూ ఆఫీసరమ్మ అంటారు. ఇరవై రెండేళ్ళుగా ఇదే ఉద్యోగం, ఇదే భుజానికి వేలాడే సంచి. ఆవిడ చేతి కింద అరవై మందికి పైగా ఉన్నారు. కొందరు నెలకోసారి ఆఫీసుకొచ్చి సంతకం పెట్టిపోతారు, కొందరిని ఆవిడే వెతుక్కుంటూ పోతుంది. ఆఫీసులో గుమాస్తా కొత్తవాళ్ళకు ఆ ఉద్యోగం గురించి ఇలా చెప్తుంటాడు: "సగం పోలీసు, సగం మేనత్త. ఎప్పుడు ఏ సగం పైకొస్తుందో మేడమ్‌కే తెలీదు."

వడ్రంగి ఫైలు ఒక బుధవారం ఆవిడ బల్ల మీదకొచ్చింది. వయసు నలభై మూడు. సొంత అన్నను చంపి పదిహేడేళ్ళు లోపల ఉన్నాడు. అన్నదమ్ములిద్దరూ కలిసి కుర్చీలూ బల్లలూ చేసే కొట్టు నడిపేవాళ్ళు. కోత మిషను ఎక్కడ పెట్టాలన్న దగ్గర మాట మొదలైంది. మాటకు మాట పెరిగింది, తమ్ముడి చేతిలో కొయ్యసుత్తి ఉంది. ఒక్కటే దెబ్బ. రెండో దెబ్బ వెయ్యలేదని తీర్పులో కూడా రాశారు. మొదటిదే చాలింది.

జైల్లో నడవడిక బాగుంది, వదలొచ్చని అక్కడివాళ్ళు సిఫారసు చేశారు. అంతవరకూ ఆఫీసరమ్మకు కొత్తేమీ లేదు. చిరునామా దగ్గర మాత్రం ఆగిపోయింది. పూచీ ఇస్తున్న మనిషి ఖైదీకి వదిన. అంటే చచ్చిపోయినవాడి భార్య.

ఫారంలో రెండు గడులుంటాయి. ఖైదీ కుటుంబం అభిప్రాయం ఒకటి, బాధితుడి కుటుంబం అభిప్రాయం ఇంకొకటి. ఈ రెండు గడుల్లోనూ ఒకే మనిషి మాట రాయాల్సి రావడం ఆవిడ ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇదే మొదటిసారి.

"ఏదో మతలబు ఉంటుంది మేడమ్," అన్నాడు గుమాస్తా. "పగ తీర్చుకోడానికి పిలుస్తోందేమో."

"పగ తీర్చుకునేవాళ్ళు మూడు కాగితాల మీద సంతకం పెట్టి పిలవరు," అంది ఆఫీసరమ్మ. అంది గానీ, ఆ అనుమానం ఆవిడకూ లేకపోలేదు.

మర్నాడు పొద్దున్నే ఆ ఇంటికి వెళ్ళింది. రెండు గదులు, వంటిల్లు, వెనకాల రేకుల పంచ. ముందు గదిలో కుట్టుమిషను, దాని పక్కన మడతపెట్టిన స్కూలు యూనిఫారాలు దొంతర్లుగా ఉన్నాయి. వదినకు యాభై ఏళ్ళు. సన్నగా, నిటారుగా ఉంది. కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది, తను మాత్రం మిషను దగ్గర నుంచి లేవలేదు.

ఆఫీసరమ్మ పక్కవాళ్ళ ఇళ్ళకు ముందే వెళ్ళొచ్చింది. వాళ్ళు తలోమాటా అన్నారు. ఆవిడ దేవత అన్నారొకరు, పిచ్చిది అన్నారొకరు. ఎదురింటాయన మాత్రం, "మాకేం నష్టం లేదండి, మా ఇంట్లో కిటికీ తలుపు ఊడింది, వస్తే చేయించుకుంటాం," అన్నాడు.

"ఎందుకు రానిస్తున్నారమ్మా?" అనడిగింది ఆఫీసరమ్మ. ఈ ప్రశ్నను చుట్టూ తిప్పి అడిగే ఓపిక ఆవిడకెప్పుడూ లేదు.

వదిన దారం తెంపి, సూదిని గుడ్డకు గుచ్చింది. "నేను కాపురానికి వచ్చేసరికి అతనికి పన్నెండేళ్ళు. మా అత్త మంచంలో ఉంది. ఆ ఏడాదే పోయింది. పెంచింది నేనే. తల దువ్వాను, బడికి పంపాను, జ్వరమొస్తే కూర్చున్నాను. నేను పెంచినవాడే నా ఇంటాయన్ని చంపితే నేనెవర్ని అడగాలి?"

"క్షమించారా మరి?"

"అలా రాయకండి." గొంతు పెద్దది కాలేదు గానీ గట్టిపడింది. "క్షమించానని ఒక్క ముక్క కూడా రాయకండి. జైలువాళ్ళు ఏడేళ్ళుగా ఏటా ఒక ఉత్తరం రాస్తున్నారు, మీ మరిదికి చోటిస్తారా అని. ఆరుసార్లు చింపేశాను. ఏడోసారి చింపబుద్ధి కాలేదు. అంతే. పైగా ఎక్కడున్నాడో నాకు తెలియాలి. లోపలున్నన్నాళ్ళూ తెలిసింది. ఊరి మీదకి వదిలేస్తే ప్రతి మలుపులోనూ వాడే ఉన్నాడేమోనని నేనెందుకు వెతుక్కోవాలి?"

"మీ అమ్మాయి ఏమంటోంది?"

కూతురికి తండ్రి పోయేనాటికి నాలుగేళ్ళు. ఇప్పుడు ఇరవై ఒకటి. రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తూ ఊరి అవతలి వైపున హాస్టల్లో ఉంటోంది.

"వాడు ఈ గడప లోపలికొచ్చిన రోజు నుంచి తను ఈ గడప తొక్కనంది," అంది వదిన. "మాట మీద నిలబడే పిల్ల. నా పోలికే."

ఆఫీసరమ్మ రెండు గడుల్లోనూ ఆవిడ మాటల్నే ఉన్నవి ఉన్నట్టు రాసింది. తన అభిప్రాయం రాయాల్సిన చోట చాలాసేపు పెన్ను ఆడించి, చివరికి "నివాసం తగినది. తరచూ తనిఖీ అవసరం" అని రాసి సంతకం పెట్టింది.

రెండు నెలల తర్వాత వడ్రంగి బయటికొచ్చాడు. మూడేళ్ళు పర్యవేక్షణ. ఈ ఇంట్లోనే ఉండాలి, ప్రతి నెలా మొదటి సోమవారం ఆఫీసుకు రావాలి, మత్తు ముట్టకూడదు, అనుమతి లేకుండా పట్టణం పొలిమేర దాటకూడదు. ఏది తప్పినా మళ్ళీ లోపలికే. ఆఫీసరమ్మ షరతులన్నీ చదివి వినిపించి, "అర్థమైందా?" అంది.

"అర్థమైంది మేడమ్."

"ఏదైనా అవసరమొస్తే ముందు నాకు ఫోన్ చెయ్యాలి. చేశాక చెప్పడం కాదు. చెప్పాకే చెయ్యడం. ఇదిగో నా నంబరు."

ఆ నంబరున్న కాగితాన్ని అతను చదివి, మడిచి, చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. నోట్లో నాలుక లేనట్టుండే మనిషి. ఏదడిగినా రెండు మాటలకు మించి రావు.

మొదటి ఏడాది ఆఫీసరమ్మ చెప్పాపెట్టకుండా తొమ్మిదిసార్లు ఆ ఇంటికెళ్ళింది. ఎప్పుడెళ్ళినా ఒకటే దృశ్యం. వదిన ముందు గదిలో మిషను దగ్గర, మరిది వెనక పంచలో రంపం దగ్గర. మధ్యలో వంటింటి గుమ్మం. వాళ్ళిద్దరూ మాట్లాడుకోరని తెలుసుకోడానికి ఆవిడకు మూడు తనిఖీలు పట్టింది. పొద్దున వదిన అతని కంచం పంచలో స్టూలు మీద పెట్టి వెళ్ళిపోతుంది. అతను తిని, కంచం కడిగి, గుమ్మం ఇవతల బోర్లిస్తాడు. సరుకులేమైనా కావాలంటే ఆవిడ ఒక చీటీ రాసి కంచం కింద పెడుతుంది. అతను తెచ్చి అక్కడే పెడతాడు.

"గోడలతోనైనా మాట్లాడుకుంటారు మనుషులు," అంది ఆఫీసరమ్మ ఒకసారి అతనితో.

"ఆవిడ రానిచ్చింది మేడమ్. మాట్లాడతాననలేదు," అన్నాడు వడ్రంగి.

ఎదురింటి కిటికీ బాగుపడింది. తర్వాత ఆ వీధిలోనే ఇంకో మూడిళ్ళ తలుపులు బాగుపడ్డాయి. మొదట్లో పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపులేసుకున్నవాళ్ళే తర్వాత ఆ తలుపులు పట్టేస్తున్నాయని అతన్ని పిలిచారు. ఆఫీసరమ్మ డైరీలో ఇవన్నీ ఒక్కో వాక్యంగా చేరాయి. మెచ్చుకోలు రాసే అలవాటు ఆవిడకు లేదు. పదేళ్ళ కిందట నవ్వుతూ మాట్లాడే ఒకణ్ణి నమ్మి, రెండు తప్పులు చూసీ చూడనట్టు వదిలేసింది. వాడు మూడో తప్పుగా ఒక ముసలాయన చెయ్యి విరగ్గొట్టాడు. అప్పటి నుంచి కళ్ళు నమ్మినా పెన్ను నమ్మదు.

ఏడాదిన్నర అలా గడిచింది.

ఒక ఆదివారం జిల్లాలోని ఆఫీసర్లందరికీ సమీక్ష పెట్టారు. ఆఫీసరమ్మ ఫోన్ మూగబెట్టి సంచిలో వేసుకుంది. మధ్యాహ్నం తీసి చూస్తే ఏదో తెలియని నంబరు నుంచి మూడుసార్లు మోగి ఆగిపోయింది. సిమ్ కార్డులు అంటగట్టేవాళ్ళనుకుని వదిలేసింది. ఆదివారం కూడా వదలరు వీళ్ళు అని విసుక్కుంది కూడా.

మర్నాడు మొదటి సోమవారం. వడ్రంగి రాలేదు. పదిన్నర దాటింది, రాలేదు. పదకొండు గంటలకు అతనికి బదులు ఒక పిల్ల వచ్చింది. ల్యాబులో వేసుకునే తెల్లకోటు ఇంకా విప్పలేదు, కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"మా అమ్మ నిన్న పొద్దున పడిపోయింది," అంది కూర్చోకుండానే. "కడుపులో పేగుకు చిల్లు పడిందట. ఇక్కడి ఆస్పత్రి వాళ్ళు మావల్ల కాదని పక్క ఊరి పెద్దాస్పత్రికి పంపారు. నాకు కబురు అందేసరికి ఆపరేషన్ అయిపోయింది. ఆ ఆపరేషన్ కాగితం మీద దగ్గరి బంధువని సంతకం పెట్టింది ఎవరో తెలుసా మీకు?"

ఆఫీసరమ్మకు తెలిసిపోయింది. అయినా ఆ పిల్ల నోటితోనే రానిచ్చింది.

"మా నాన్నను చంపినవాడు. మా అమ్మ ప్రాణానికి వాడు బాధ్యుడా? పొలిమేర దాటకూడదని మీరే కదా షరతు పెట్టారు? దాటాడు. ఇవాళ ఇక్కడికి రావాలి, రాలేదు. ఏం చేస్తారో చెప్పండి."

"ఫిర్యాదు రాసివ్వండి," అంది ఆఫీసరమ్మ. ఆ పిల్ల అప్పటికే రాసి తెచ్చింది. నాలుగు పేజీలు. ఎక్కడా కొట్టివేత లేదు.

ఆఫీసరమ్మ బస్సెక్కి పక్క ఊరి ఆస్పత్రికి వెళ్ళింది. వడ్రంగి లోపల లేడు. రెండో అంతస్తు మెట్ల మీద, వచ్చేపోయేవాళ్ళకు అడ్డం లేకుండా ఒక పక్కకి ఒదిగి కూర్చున్నాడు. నిన్నటి చొక్కాయే, ఒక చేతి మీద రంపప్పొట్టు అలాగే ఉంది. ఆవిడను చూసి లేచి నిలబడ్డాడు.

"ఎవరినడిగి వచ్చావు?"

"ఎవర్నీ అడగలేదు మేడమ్. బండిలో ఎవరైనా ఒకరు ఎక్కాలన్నారు. పక్కింటివాళ్ళు ఎక్కలేదు. నేనెక్కాను."

"నాకు చెప్పాలని తెలీదా?"

"ఫోన్ చేశాను. ఎత్తలేదు."

"ఏ ఫోన్ నుంచి?"

"అంబులెన్సు డ్రైవరుది. మూడుసార్లు."

ఆ క్షణంలో ఆవిడ మొహం చూసి ఎవరూ ఏమీ పోల్చుకోలేరు. ఇన్నేళ్ళ ఉద్యోగం ఆవిడకు నేర్పిన విద్యల్లో అదొకటి.

"కాగితం మీద ఏమని సంతకం పెట్టావు?"

"మరిది అని. ఆలస్యమైతే విషం పాకుతుందన్నాడు డాక్టరు. అమ్మాయి నంబరు నా దగ్గర లేదు. నాకెవరిస్తారు?"

వార్డులో వదిన కళ్ళు తెరిచే ఉంది. చేతికి సూది, మొహం పాలిపోయి ఉంది, గొంతులో పదును మాత్రం తగ్గలేదు.

"అతన్ని వెంట రమ్మని మీరు పిలిచారా అమ్మా?" అంది ఆఫీసరమ్మ. పిలిచానంటే సగం చిక్కు వీడిపోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

వదిన పైకప్పు వైపు చూసింది. "లేదు. నాకు తెలివి లేదు. ఉంటే వద్దనేదాన్ని. అది రాసుకోండి." ఊపిరి కూడగట్టుకుంది. "ఇంకోటి కూడా రాసుకోండి. నేను కళ్ళు తెరిచినప్పుడు అతను గదిలో లేడు. సంతకం పెట్టి, నన్ను లోపలికి తీసుకెళ్ళగానే మెట్ల మీదకు పోయి కూర్చున్నాడట. నర్సు చెప్పింది. ఇప్పటిదాకా గుమ్మంలోకి తొంగి కూడా చూడలేదు."

తిరుగు బస్సులో ఆఫీసరమ్మ ఫోన్ తీసి ఆ తెలియని నంబరుకు చేసింది. అవతల హారన్లు.

"అవునమ్మా, మా బండే," అన్నాడు డ్రైవరు. "ఆయన జేబులోంచి కాగితం తీసిస్తే నంబరు నేనే నొక్కిచ్చాను. మూడుసార్లు చేశాడు. నాలుగోసారి చేస్తానంటే నేనే కసిరాను. పేషెంటును పట్టుకోవయ్యా ముందు అని."

ఆఫీసు పెద్దసారుకు ఇంకో ఏడాదిలో రిటైర్మెంటు. ఆ ఏడాది ఏ గొడవా లేకుండా గడిచిపోతే చాలునన్నది ఆయన ఏకైక ధ్యేయం. సంగతంతా విని కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"పొలిమేర దాటాడు, హాజరు తప్పాడు, బాధితుడి కూతురి ఫిర్యాదు ఉంది. ఇంకేం కావాలి? విడుదల రద్దు చెయ్యమని రాసి పైకి తోసెయ్యండి. మన చేతికి మట్టి అంటదు."

"ఫోన్ చేశాడు సార్. నేనే ఎత్తలేదు."

"ఆ ముక్క ఇందులో ఎందుకు? ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు, డ్రైవరుకు తెలుసు. ఇప్పుడు మీక్కూడా తెలుసు."

పెద్దసారు తేలు కుట్టినట్టు చూశాడు. "రాస్తే మెమో మీకొస్తుంది. అసలే ప్రమోషన్ లిస్టు కదులుతున్న టైము."

ఆఫీసరమ్మ పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కలా ఉంది. ఆ పిల్ల నాలుగు పేజీల్లో ఒక్క అబద్ధం లేదు. వడ్రంగి చెప్పిన రెండు మాటల్లోనూ లేదు. ఆ మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసుకుని తన నివేదిక రాసింది. ఫిర్యాదును ఉన్నది ఉన్నట్టు ఎక్కించింది. వదిన పిలవలేదన్నది రాసింది, మెట్ల సంగతి రాసింది. చివర్లో ఇలా రాసింది: "పర్యవేక్షణలో ఉన్న వ్యక్తి అనుమతి కోసం నాకు మూడుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తకపోవడం, మధ్యాహ్నం చూశాక కూడా తిరిగి చేయకపోవడం నా పొరపాటు." ఆ వాక్యం రాస్తున్నప్పుడు ఆవిడకేమీ గొప్పగా అనిపించలేదు. పిప్పిపన్ను పీకించుకున్నట్టుంది, అంతే.

ఆరు వారాలకు విడుదల రద్దు సంగతి తేల్చే కమిటీ కూర్చుంది. ముగ్గురు సభ్యులు, పొడుగాటి బల్ల. కూతురు నిలబడి తన మాట చెప్పింది. ఏడవలేదు. వడ్రంగిని ఏమైనా చెప్పుకుంటావా అనడిగితే, "ఆ అమ్మాయి చెప్పింది నిజమే," అన్నాడు. సభ్యులు నివేదిక చదివారు, ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వడ్రంగికి హెచ్చరిక, పర్యవేక్షణ కొనసాగింపు. ఆఫీసరమ్మకు మెమో.

బయట వరండాలో కూతురు ఆవిడకు అడ్డం వచ్చింది.

"ఆ ఫోన్ సంగతి మీరు రాయకపోయుంటే వాడు లోపలికి పోయేవాడు."

"పోయేవాడు."

"మరెందుకు రాశారు?"

"జరిగింది కాబట్టి."

"వాడి తరఫున మీరు రాశారు. నా తరఫున రాసేదెవరు?"

"మీరు చెప్పింది కూడా ఒక్క అక్షరం తగ్గకుండా ఎక్కించాను. మూడో పేజీ నుంచి."

"చదివాను," అంది ఆ పిల్ల. మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆఫీసరమ్మ ఫైలు సంచిలో పెట్టుకుంది. ఆ పిల్లకు న్యాయం జరిగిందని గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేకపోయింది. జరగలేదనీ చెప్పలేకపోయింది.

మిగిలిన ఏడాదిన్నరా మామూలుగా గడిచింది. ప్రమోషన్ లిస్టులో ఆఫీసరమ్మ పేరు లేదు. పెద్దసారు పూలదండ వేయించుకుని రిటైరయ్యాడు.

మూడేళ్ళు నిండిన రోజు ఆవిడ పర్యవేక్షణ ముగిసిందన్న ఉత్తర్వు పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళింది. వడ్రంగి పంచలోంచి వచ్చి చేతులు తుడుచుకుని కాగితం అందుకున్నాడు. రెండుసార్లు చదివాడు. వంటింటి గుమ్మంలో వదిన నిలబడి ఉంది.

"ఇక నువ్వు వెళ్ళు," అంది వదిన.

మూడేళ్ళలో ఆవిడ అతనితో నేరుగా అన్న మొదటి మాట అది. ఆఫీసరమ్మ తన చెవుల్ని తనే నమ్మలేదు.

"ఆదివారం లోపు వేరే చోటు చూసుకో," అంది వదిన మళ్ళీ. కోపం లేదు, తడీ లేదు.

"అలాగే వదినా," అన్నాడు అతను. అని, పంచలోకి వెళ్ళి పనిముట్లు ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో సర్దడం మొదలుపెట్టాడు.

ఆఫీసరమ్మ ఉండబట్టలేక వదిన దగ్గరికి వెళ్ళింది. "ఇన్నాళ్ళు ఉంచారు కదమ్మా. ఇప్పుడెందుకు?"

"మూడేళ్ళు ఉంచుతానని మీ కాగితం మీద సంతకం పెట్టాను. ఉంచాను." వదిన గుమ్మానికి ఆనుకుంది. ఆపరేషన్ అయ్యాక ఆవిడ ఎక్కువసేపు నిలబడలేకపోతోంది. "పెంచినందుకు అతనికి నేను ఏం బాకీ ఉన్నానో తీరిపోయింది. కడుపున పుట్టినది మూడేళ్ళుగా వీధి చివరి నుంచే మాట్లాడి వెళ్ళిపోతోంది. దాని వంతు ఇంకెప్పుడు?"

వడ్రంగి ఆదివారం దాకా ఆగలేదు. శుక్రవారం పొద్దున పెట్టె భుజాన వేసుకుని వెళ్ళిపోయాడని ఎదురింటాయన చెప్పాడు. ఆదివారం కూతురు వచ్చింది. ముందు గదిలో తల్లీకూతుళ్ళు ఏం మాట్లాడుకున్నారో ఎదురింటాయనకు కూడా వినపడలేదు. ఆయనకు వినపడలేదంటే చాలా నెమ్మదిగా మాట్లాడుకుని ఉండాలి.

రెండేళ్ళ తర్వాత ఆఫీసరమ్మ ఒక పనిమీద పక్క ఊరికి వెళ్ళింది. దొంగతనం కేసులో కొత్తగా బయటికొచ్చినవాడొకడికి పని కావాలి. జైలు అనగానే అప్పటికి నాలుగు కొట్లవాళ్ళు తల అడ్డంగా ఊపారు. అయిదోది ఫర్నిచరు తయారుచేసే షెడ్డు. మేస్త్రీని కలవమన్నారు. చెక్కపొట్టు మేఘంలోంచి వచ్చిన మేస్త్రీ వడ్రంగే. జుట్టు సగం నెరిసింది, కాస్త ఒళ్ళు చేశాడు.

ఆవిడ తడబడకుండా సంగతంతా చెప్పింది. కేసు, షరతులు, ఏ రోజు సంతకానికి పంపాలి, అన్నీ.

"బుధవారం నుంచి పంపండి మేడమ్," అన్నాడు. "కానీ ఒకటి. రాకపోయినా, తాగొచ్చినా దాచను. మీకు ఫోన్ చేస్తాను."

"చెయ్యండి. ఎత్తుతాను."

అతని మొహంలో నవ్వులాంటిదేదో వచ్చిపోయింది. స్టూలు దులిపి కూర్చోమన్నాడు. ఆవిడ కూర్చోలేదు, బస్సు టైమైంది. వెళ్ళబోతూ, ఇలాంటివి అడగడం తన పని కాదని తెలిసీ అడిగింది.

"మీ వదినగారు ఎలా ఉన్నారు?"

"తెలీదు మేడమ్. అడుగుతూ పోతే నేనింకా ఆ ఇంట్లో ఉన్నట్టే అవుతుంది."

లోపలి నుంచి ఎవరో పిలిచారు. ఏదో చెక్క పలక కొలత తేడా వచ్చిందట. అతను ఆవిడకు తల వంచి, చెవి మీది పెన్సిలు తీసుకుంటూ లోపలికి వెళ్ళాడు. ఆఫీసరమ్మ సంచిలోంచి డైరీ తీసి, షెడ్డు చిరునామా కింద రాసుకుంది: "పని దొరికింది. బుధవారం నుంచి."